నాగసాని కథకు వంత

సువార్తరాజు బుర్రకథ చెప్పడానికి లేచి నిలబడితే రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలు కూడా నిద్ర ఆపుకుని కూర్చునేవారు. క్రిస్మస్ రోజుల్లో చర్చి ఆవరణలో బైబిలు కథలు చెప్పేవాడు. తిరునాళ్ళకు పిలిస్తే వెళ్ళి రాజుల కథలు చెప్పేవాడు. వాటన్నిటిలోకీ జనం అడిగి మరీ చెప్పించుకునేది నాగసాని కథ. ఆ రాణి ఏ శాసనంలోనూ లేదు. ఆయన సొంతంగా కట్టుకున్న కథ అది. చదువుకున్నవాళ్ళెవరైనా ఆధారాలు అడిగితే, "ఆవిడ నా బుర్రలోనే పుట్టిందండీ. కోటల్లో అట్లాంటి ఆడపిల్లలు ఎంతమంది ఉండి ఉంటారో, రాసిపెట్టిందెవరు?" అనేవాడు.

భార్య పోయాక కూతుళ్ళిద్దరికీ గుమ్మెట డోళ్ళు తగిలించి, తనకు చెరో పక్కన వంతలుగా నిలబెట్టుకున్నాడు. పెద్దది రూపవతి కుడి వంత. చిన్నది షెర్లీ ఎడమ వంత. ఇద్దరికీ పదకొండేళ్ళ తేడా. తల్లి లేని షెర్లీకి జడలు వేసిందీ, అన్నం కలిపి పెట్టిందీ, జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుందీ రూపవతే. గుమ్మెట బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతూనే ఆ పిల్ల "తందాన తాన" అందుకుంటుంటే, అక్క ఒక చేత్తో తన గుమ్మెట వాయిస్తూ రెండో చేత్తో చెల్లెలి భుజాన్ని సర్దేది.

ఇప్పుడు రూపవతి ఉండేది కెనడాలో, సార్నియాలో. భర్త రామ్మోహన్ పెట్రోకెమికల్ ప్లాంటులో ఆపరేటర్. ఆమె ఒక సీనియర్స్ హోమ్ వంటింట్లో పని చేస్తుంది. కొడుకు కాలేబు వాటర్లూలో చదువుకుంటూ సెలవులకు వస్తాడు. తండ్రి పోయి చాలా ఏళ్ళయింది. రేపల్లెలో ఆ ఇల్లు లేదు, తలుపు తీసి లోపలికి రమ్మనేవాళ్ళూ లేరు. పుట్టిల్లు అని చెప్పుకోవడానికి భూమ్మీద ఆమెకు మిగిలింది షెర్లీ ఒక్కతే. ఆ షెర్లీ ఉండేది మిస్సిసాగాలో, కారులో మూడు గంటల దూరంలో. ఆరేళ్ళుగా అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అమరేశ్వరరావు గారనే ఆయన ఫోన్ చేశారు. మిస్సిసాగాలో కూతురి దగ్గర ఉంటూ అక్కడి తెలుగువాళ్ళ కార్యక్రమాలు చూస్తుంటారాయన.

"అమ్మా, సువార్తరాజు గారి అమ్మాయి మీరేనటగా. నేను బాపట్లలో హిస్టరీ చెప్పే రోజుల్లో మీ నాన్నగారి నాగసాని కథ విన్నానమ్మా. ఈసారి మా ఉగాది ప్రోగ్రాంలో మీరు అది చెప్పాలి."

"నేనాండీ? గుమ్మెట పట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. పైగా నేను వంతనే గానీ కథ ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరు వంతలు కూడా కావాలి కదండీ."

"కుడి వంతకి విశాలాక్షి అని కర్నూలు అమ్మాయి ఉంది, మంచి గొంతు. ఎడమ వంతకి మీ చెల్లెలు ఒప్పుకుంది."

రూపవతి క్యారెట్లు తరుగుతున్న కత్తి పక్కన పెట్టేసింది.

"షెర్లీ ఒప్పుకుందా అండీ?"

"అక్క కథ చెప్తే వంత పాడతాను, ఇంకెవరు చెప్పినా పాడను అంది. మీతో అనలేదా?"

"లేదండీ," అంది రూపవతి. చేతులు తుడుచుకుని, "చెప్తానండీ. కథ చెప్తాను," అంది.

ఆరేళ్ళ కింద మాటలు ఆగిపోవడానికి కారణం ఇది. షెర్లీ చదువుకోవడానికి సార్నియా కాలేజీకి వచ్చి అక్కా బావల ఇంట్లోనే ఉండేది. రామ్మోహన్‌ను చిన్నప్పుడు పెంచింది అతని పెద్దమ్మ. తల్లీ తండ్రీ వదిలేసి పోతే తన కొడుకు అనంత్‌తో సమానంగా చూసుకుని, చదివించి, ప్రయోజకుణ్ణి చేసింది. అనంత్ కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి షెర్లీని ఇస్తే బాగుంటుందని పెద్దమ్మ ఇండియా నుంచి అడిగింది. రామ్మోహన్ మాటిచ్చాడు. షెర్లీ సరేనంది. పాస్టర్‌గారు ప్రార్థన చేసి ప్రధానం జరిపించారు. పెళ్ళి ఇంకో నెలకు ఉందనగా షెర్లీ తనకు వద్దంది.

"అనంత్‌లో తప్పేమీ లేదు బావా. నాకే మనసు రావట్లేదు. రాకుండా ఎట్లా చేసుకోను?"

రామ్మోహన్ కేకలు వేసే మనిషి కాదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడు. "మా పెద్దమ్మ ఇన్నేళ్ళలో నన్ను ఒకే ఒక్కటి అడిగింది. ఆవిడకి నేనిప్పుడు ఏం చెప్పాలి? నువ్వు ఇక్కడ ఉంటే నేను ఈ ఇంట్లో ఉండలేను షెర్లీ. నీ దారి నువ్వు చూసుకో," అన్నాడు.

రూపవతి ఏమీ అనలేదు. కింద చెల్లెలి గదికి వెళ్ళి సూట్‌కేసు సర్దింది. స్వెటర్లు మడతపెట్టింది. గోంగూర పచ్చడి సీసాను తువ్వాలులో చుట్టి మధ్యలో పెట్టింది. మర్నాడు పొద్దున్న రామ్మోహనే షెర్లీని రైలు స్టేషన్ దగ్గర దింపి వచ్చాడు. రూపవతి గుమ్మంలో నిలబడి కారు మలుపు తిరిగేదాకా చూసింది.

ఆ తర్వాత పెద్దమ్మ రామ్మోహన్‌తో మాట్లాడటం మానేసింది. రెండు చలికాలాల కింద చనిపోయింది. ప్లాంటు పార్కింగ్ లాట్‌లో నిలబడి అతను ఫోన్‌లో సమాధి కార్యక్రమం చూశాడు. అనంత్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లో షెర్లీ పేరు ఎవరూ ఎత్తరు.

పేరు ఎత్తకపోతే మనిషి దూరమవుతుందని రూపవతి మొదట్లో అనుకుంది. అట్లా ఏమీ కాలేదు. చేపల పులుసు దించి మూత పెడుతుంటే, షెర్లీకి తలకాయ ముక్క ఇష్టమని గుర్తొచ్చేది. చర్చిలో పాట అందుకున్నప్పుడు పక్కన రెండో గొంతు కోసం చెవి దానంతటదే వెతికేది. షెర్లీ పెళ్ళి చేసుకుందనీ, అబ్బాయి పేరు అభిరామ్ అనీ, కూతురు పుట్టిందనీ వాళ్ళూ వీళ్ళూ అనగా తెలిసింది. ఎవరో పెట్టిన గ్రూప్ ఫొటోలో ఆ పాప ఒక మూల సగమే కనపడింది. రూపవతి ఆ సగం మొహాన్ని వేళ్ళతో పెద్దది చేసి, చుక్కలు చుక్కలుగా విడిపోయేదాకా చూసింది.

అమరేశ్వరరావు గారి ఫోన్ వచ్చిన సాయంత్రం, అన్నం తింటున్న భర్తతో చెప్పింది.

"ఏవండీ, ఉగాదికి మిస్సిసాగాలో బుర్రకథ చెప్పమని అడిగారు. వస్తానన్నాను."

"ఎవరెవరు?"

"నేనూ, విశాలాక్షని ఒకావిడా, షెర్లీ."

రామ్మోహన్ తినడం ఆపలేదు. ముద్ద పూర్తిచేసి మంచినీళ్ళు తాగాడు. "ఆ రోజు నాకు డ్యూటీ ఉంది."

"నేనే డ్రైవ్ చేసుకుని వెళ్తాను."

"ఫోర్ నాట్ వన్ హైవే మీదా? ఊళ్ళో తప్ప నువ్వెప్పుడూ నడపలేదు రూపా."

"నేర్చుకుంటాను."

అతను లేచి కంచం సింకులో పెట్టాడు. చేతులు కడుక్కుంటూ, అటు తిరిగే అన్నాడు. "వెళ్ళు. ఆ అమ్మాయిని మాత్రం ఇక్కడికి తీసుకురాకు."

కాలేబుకు ఫోన్‌లో చెబితే వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అమ్మా, జస్ట్ గో."

రిహార్సల్స్ వీడియో కాల్‌లో మొదలయ్యాయి. మొదటి రోజు తెర మీద మూడు గళ్ళలో ముగ్గురూ కనిపించారు. షెర్లీ కొంచెం ఒళ్ళు చేసింది. జుట్టు భుజాలదాకా కత్తిరించుకుంది. అక్కను చూసి తల ఊపింది. రూపవతి కూడా తల ఊపింది. నోటిదాకా వచ్చినవి ఎన్నో ఉన్నా, విశాలాక్షి ఎదురుగా ఏం మాట్లాడుతుంది? తంబురా శ్రుతి చేసుకుని కథ ఎత్తుకుంది.

"ఉప్పుగాలుల దీవిలో పుట్టెను."

"తందాన తాన," అంది షెర్లీ.

"కొండకోటకు కోడలై మెట్టెను."

"తందాన తాన."

ఆరేళ్ళ తర్వాత అక్కచెల్లెళ్ళ మధ్య మొదటి మాటలు అవే. బుర్రకథలో వంత ఊరికే తాళం వేసే మనిషి కాదు. కథ చెప్పేవాళ్ళను మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలడగాలి, జనానికి వచ్చే అనుమానాలన్నీ తనే అడగాలి. అందుకని షెర్లీ అడిగేది: "అట్లాగా అక్కా, మరి ఆ కోటలో నాగసానికి ఎట్లా గడిచింది?" రూపవతి చెప్పేది: "ఏం చెప్పమంటావు చెల్లీ." అట్లా వాళ్ళు ఒకరినొకరు అక్కా చెల్లీ అని పిలుచుకోవడం మొదలైంది. కాల్ అయిపోగానే ఎవరి గడి వాళ్ళది మూసుకుపోయేది. రూపవతి తంబురా దించకుండా ఆ నల్లటి తెర ముందు కాసేపు కూర్చునేది.

కథ ఇది. ఉప్పలదీవి అనే చిన్న రాజ్యానికీ, కొండవాగు కోటకూ రేవు సుంకాల మీద తరతరాల పగ. సంధి చేసుకుని, దీవి దొర తన కూతురు నాగసానిని కొండవాగు రాజు ఎర్రభూపతికి ఇచ్చాడు. పల్లకి కోటలోకి వెళ్తుంటే మేడల మీదినుంచి ఆడవాళ్ళు, "సముద్రపు పిల్ల వచ్చింది, ముక్కులు మూసుకోండి," అని నవ్వుకున్నారు. రాజు చెడ్డవాడు కాదు. గాలి తూర్పునుంచి వీచినప్పుడు పుట్టింటి వాసన తెలుస్తుందని ఆమె అడిగితే, పైన ఒక గది కట్టించి తూర్పు వైపు కిటికీ పెట్టించాడు. కానీ కొడుకు పుట్టగానే అత్తగారు వచ్చి బిడ్డను ఎత్తుకుపోయింది. ఉప్పునేల మనిషి చేతిలో పెరిగితే సింహాసనానికి పనికిరాడంది. రాణి తన కొడుకును పండగలకూ పబ్బాలకూ చూసేది. వాడు వచ్చి అందరికీ పెట్టినట్టే ఆమెకూ దణ్ణం పెట్టి పోయేవాడు. ఏడాదికొకసారి ఆమె అన్న పడవ దిగి చెల్లెలిని చూడటానికి వచ్చేవాడు. ఎండుచేపలూ, ఊరి కబుర్లూ తెచ్చేవాడు. సుంకాల తగువు మళ్ళీ రాజుకుని, ఒక ఏడు రాజు అతన్ని కోటగుమ్మం దగ్గరే ఆపించాడు. అన్న ఎండలో ఒక పూట నిలబడి వెనక్కి వెళ్ళిపోయాడు. మరుసటి ఏటికి యుద్ధం వచ్చింది.

ఇక్కడిదాకా రిహార్సల్ సాఫీగా జరిగేది. తర్వాతి ఘట్టం వీరతిలకం. భర్తకూ, మీసం సరిగ్గా రాని కొడుకుకూ రాణి తన చేతులతో తిలకం దిద్ది, సొంత అన్న మీదికి యుద్ధానికి పంపాలి. సువార్తరాజు ఆ చోట "రాణి పెదవి కదపలేదు" అని ఒక్క మాట అని, గుమ్మెటలు మోగించి యుద్ధంలోకి వెళ్ళిపోయేవాడు. రూపవతీ అట్లాగే చెప్పేది. ఆ మాట దగ్గర షెర్లీ ప్రతిసారీ కళ్ళు దించుకుని గుమ్మెట వాయించేది.

మార్చి నెలలో రూపవతి డ్యూటీ దిగాక ఫోర్ నాట్ టూ హైవే ఎక్కి, గంట దూరంలో ఉన్న లండన్ అనే ఊరి దాకా వెళ్ళి వస్తూ చేయి అలవాటు చేసుకుంది. ఉగాది ముందు రోజు రామ్మోహన్ ఆమె కారు టైర్లలో గాలి చూసి, అద్దాలు తుడిచే నీళ్ళు నింపాడు. తెల్లారి ఆమె బయలుదేరేసరికి అతను డ్యూటీకి వెళ్ళిపోయాడు.

లండన్ దాటి ఫోర్ నాట్ వన్ మీదికి వచ్చాక పెద్ద పెద్ద ట్రక్కులు రెండు పక్కలా మురికి మంచు చిమ్ముతూ పోయాయి. ఆమె కుడి లేన్ వదలకుండా, భుజాలు బిగించి, తండ్రి పాటే గొణుక్కుంటూ నడిపింది. వెనక ఎవరు హారన్ కొట్టినా వేగం పెంచలేదు.

కార్యక్రమం ఒక హైస్కూల్ ఆడిటోరియంలో. తెర వెనక గదిలో షెర్లీ కాళ్ళకు గజ్జెలు కట్టుకుంటోంది. రూపవతి గుమ్మంలో ఆగింది. కథలో లేని మాట ఏదైనా అనాలి.

"పిన్నులున్నాయా?" అని అడిగింది చివరికి.

"ఉన్నాయి," అంది షెర్లీ. లేచి వచ్చి అక్క భుజం మీద కొంగు మడతలు సరిచేసి పిన్ను పెట్టింది. ఆ తర్వాత నడుముకు ఎర్ర పట్టీ చుట్టి, చిన్నప్పుడు తనకు అక్క కట్టినట్టే ఎడమ పక్కకు ముడి వేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఈలోగా విశాలాక్షి వచ్చి, "మన వంతు వచ్చిందక్కా, పోదాం పాండి," అంది.

హాలు నిండా జనం. ముందు వరసల్లో పిల్లలు ఫోన్లలో ఆటలాడుకుంటున్నారు. రూపవతి తాళం వేసే అందెలు వేళ్ళకు తొడుక్కుని, తంబురా భుజాన వేసుకుని మధ్యలో నిలబడింది. మొదటి పాటకు శ్రుతి కొంచెం తప్పింది. పల్లకి కోటలోకి వెళ్ళేసరికి కుదుటపడింది. అత్తగారు బిడ్డను ఎత్తుకుపోయే చోట ముందు వరసలో ఒక పిల్ల ఫోన్ ఒళ్ళో పెట్టేసి నోరు తెరుచుకుని చూడసాగింది. అమరేశ్వరరావు గారు పక్కన నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

వీరతిలకం వచ్చింది. రూపవతి తంబురా మీద వేళ్ళు ఆపి, వచనంలోకి దిగింది.

"పళ్ళెంలో కుంకుమ. పళ్ళెం నాగసాని చేతుల్లో. ముందు భర్త నుదుట దిద్దింది. కొడుకు నుదుట దిద్దింది. వాళ్ళు వెళ్తున్నది ఎవరి మీదికో ఆమెకు తెలుసు. రాణి పెదవి కదపలేదు."

ఇక్కడ గుమ్మెటలు మోగాలి. విశాలాక్షి చేయి ఎత్తింది. షెర్లీ గుమ్మెట మీద అరచేయి ఆన్చి, చప్పుడు రాకుండా పట్టుకుంది.

"ఆగక్కా," అంది.

ఈ మాట రిహార్సల్‌లో లేదు. తండ్రి కథలోనూ లేదు.

"ఎందుకు కదపలేదక్కా? అన్న అంటే ప్రాణం కదా ఆమెకి. వద్దు అని ఒక్క మాట అంటే ఏం పోయేది? రాజు వింటాడో వినడో, అది తర్వాత సంగతి. అవతల అన్నకి తెలిసేది కదా, నా చెల్లెలు నా తరఫున ఒక మాట అందని."

వంత ప్రశ్న వేయడం మామూలే గనక జనానికి ఏమీ తేడా తెలియలేదు. జవాబు కోసం చూస్తున్నారు. రూపవతి చెల్లెలి వైపు తిరిగింది. షెర్లీ కళ్ళు ఆమె మొహం మీదినుంచి కదలడం లేదు. రాణి భయపడిందని చెప్పవచ్చు. పతివ్రతా ధర్మమని చెప్పవచ్చు. తండ్రి ఉంటే ఏదో ఒక పద్యంతో దాటేసేవాడు.

"పళ్ళెం చెల్లీ," అంది రూపవతి. "చేతుల్లో పళ్ళెం ఉంది. అది వణికితే అపశకునమంటారు. కుంకుమ కింద పడితే కోట కోటంతా ఆమెను వేలెత్తి చూపిస్తుంది. అందుకని చేతుల్నే చూసుకుంటూ నిలబడింది. వణకకూడదు, ఒలకకూడదు, అంతే ఆమె బుర్రలో ఉంది. నోరనేది ఒకటుందని గుర్తొచ్చేసరికి..."

ఆమె ఆగింది. హాలులో ఎవరో దగ్గారు.

"గుర్తొచ్చేసరికి గుర్రాలు కోట దాటిపోయాయి చెల్లీ."

ఇప్పుడైనా తందాన అనాలి. షెర్లీ అనలేదు. పెదవులు బిగించి నిలబడింది. విశాలాక్షి ఇద్దరినీ చూసి, ఒక్కతే మెల్లిగా అందుకుంది, "తందాన తాన." రెండోసారి అనేటప్పటికి షెర్లీ గుమ్మెట కలిసింది. తాళం కొంచెం తప్పింది, మళ్ళీ దారిలో పడింది.

మిగిలిన కథ రూపవతి ఒక్క ఊపున చెప్పేసింది. యుద్ధంలో అన్న ఎదురుగా వచ్చిన కుర్రవాడి మొహంలో చెల్లెలి కళ్ళు చూసి కత్తి దించాడు. కుర్రవాడు దించలేదు. గెలిచి వచ్చిన భర్తకూ కొడుకుకూ రాణి హారతి ఇచ్చింది. ఆ రోజునుంచి చనిపోయేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. కొలువులో రాజు పక్కన కూర్చునేది, పండగకు పట్టుచీర కట్టుకునేది. తూర్పు గాలి వీచిన సాయంత్రాలు కిటికీ దగ్గర నిలబడేది. జనం లేచి చప్పట్లు కొట్టారు.

తెర వెనక్కి రాగానే షెర్లీ గజ్జెలు విప్పుకుంటూ అంది. "గొంతు బొంగురుపోయింది నీకు. ఇంటికి రా, వేడిగా ఏదైనా తాగుదువుగాని."

వాళ్ళ టౌన్‌హౌస్‌లో అభిరామ్ తలుపు తీసి, "రండి వదినగారూ," అని పక్కకు జరిగాడు. అతని కాళ్ళ వెనక నుంచి ఒక పాప తొంగి చూసింది. ఫొటోలో కనపడని సగం మొహం ఇప్పుడు కనపడింది. షెర్లీ ముక్కే.

"అనన్యా, పెద్దమ్మ," అంది షెర్లీ.

పాప రూపవతి నడుముకున్న ఎర్ర పట్టీని పరీక్షగా చూసి, "ఆర్ యూ ద క్వీన్?" అని అడిగింది.

"కాదమ్మా. ఆవిడ కథ చెప్పే మనిషిని," అంది రూపవతి. ఆ పిల్ల ఎత్తుకోనిస్తుందో లేదోనని చేతులు చాపడానికి కూడా జంకింది. పాపే వచ్చి పట్టీ కొస పట్టుకుంది.

అభిరామ్ పాపను పైకి తీసుకెళ్ళాక, వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ అల్లం టీ పెట్టుకుని కూర్చున్నారు.

"ఆ జవాబు నాన్న కథలో లేదు," అంది షెర్లీ.

"నీ ప్రశ్న కూడా లేదు."

షెర్లీ కప్పు అటూ ఇటూ తిప్పింది. "బావ అన్నదానికి నాకు కోపం లేదక్కా. ఆయన బాధ ఆయనది. నువ్వు నా స్వెటర్లు మడతపెట్టావు చూడు, కాలర్లు సరిచేసి, ఒకదాని మీద ఒకటి. పచ్చడి సీసా పగలకుండా తువ్వాలు చుట్టావు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఊపిరాడదు. తిట్టినా బాగుండేది."

"అప్పుడు నాకు చేతనైంది అదే షెర్లీ."

"తెలుసు. తెలిసినా కోపం పోలేదు. అనన్య పుట్టినప్పుడు హాస్పిటల్‌లో నర్సు అడిగింది, మీవాళ్ళకెవరికైనా ఫోన్ చేయాలా అని. నీ నంబరు సగం నొక్కి ఆపేశా. నువ్వే చేస్తావేమో అనుకున్నా."

"నేను కారు తీసుకుని హైవే ఎక్కే చోటుదాకా ఎన్నిసార్లు వచ్చానో. వచ్చి వెనక్కి తిరిగేదాన్ని."

"ఎందుకు తిరిగేదానివి?"

రూపవతి కప్పు కింద పెట్టింది. "ఇంతదూరం వచ్చాక నువ్వు తలుపు తీయకపోతే, ఇక అనుకోవడానికి కూడా నాకేమీ మిగలదని," అంది.

షెర్లీ చేయి చాపి అక్క మణికట్టు పట్టుకుంది. అట్లాగే ఇద్దరూ టీ చల్లారేదాకా కూర్చున్నారు. తర్వాత షెర్లీ స్పష్టంగా చెప్పింది. "నేను సార్నియా రానక్కా. బావ పిలిస్తే వస్తా. పిలవకుండా రాను, నీ కోసమైనా రాను."

"సరే. నేనే వస్తాను."

రూపవతి భర్తకు ఫోన్ చేసి, పొద్దున్నే వస్తానని చెప్పింది. "అక్కడ స్నో పడుతుందంటున్నారు. రోడ్డు క్లియర్ అయ్యాకే బయలుదేరు," అన్నాడతను.

ఆ తర్వాత రూపవతి సెలవు దొరికిన ప్రతి శనివారమూ మిస్సిసాగా వెళ్ళసాగింది. రామ్మోహన్ ఏమీ అడిగేవాడు కాదు. కానీ ఆమె ఊరుకోలేదు. తిరిగి వచ్చి అన్నం వడ్డిస్తూ ఏదో ఒకటి చెప్పేది. అనన్యకు వంకాయ కూర ఇష్టమట. షెర్లీ ఉద్యోగం మారి ఫార్మా కంపెనీలో చేరిందట. ఒక రోజు మాత్రం, "మీరు పిలవందే రానంది," అని కూడా చెప్పేసింది. రామ్మోహన్ కంచంలోకి చూస్తూ విన్నాడు. లేచి వెళ్ళిపోలేదు. ఇంట్లో ఆ పేరు వినపడటం మాత్రం మొదలైంది.

మే నెల చివర్లో ఒక శనివారం ఆమె కారు స్టార్ట్ చేస్తుండగా అతను జాకెట్ వేసుకుని బయటికి వచ్చాడు. పక్క తలుపు తీసి కూర్చున్నాడు. కాళ్ళకు చోటు చాలక సీటు వెనక్కి జరుపుకున్నాడు. రూపవతి గేరు వేయకుండా అతని వైపు చూసింది.

"నన్ను కిచెనర్‌లో దింపు. అనంత్ ఇంటి దగ్గర. వచ్చేటప్పుడు మళ్ళీ ఎక్కించుకో," అన్నాడు.

"అతనికి చెప్పారా?"

"మెసేజ్ పెట్టా. ఓకే అన్నాడు. అంతే అన్నాడు."

లండన్ దాటారు. పొలాలు పచ్చబడి ఉన్నాయి. అతను కిటికీలోంచి చూస్తూనే అన్నాడు. "పెద్దమ్మ చివర్లో నా గురించి అడిగిందట. మోహన్ ఎక్కడ, ఇంకా రాలేదా అని. ఈ మధ్యనే ఎవరో అంటే తెలిసింది."

"అప్పుడే మీకెవరూ చెప్పలేదా?"

"ఎవరు చెప్తారు రూపా, మాటలుంటేగా."

ఆమె ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకుని, కుడి చేయి అతని చేతి మీద వేసింది. అతను ఆ చేతిని కొంచెంసేపు పట్టుకుని, "రెండు చేతులతో నడుపు," అన్నాడు.

అనంత్ ఇంటి ముందు అతను దిగి, మెట్లెక్కి బెల్లు కొట్టాడు. రూపవతి ఇంజన్ ఆపకుండా చూస్తూ కూర్చుంది. తలుపు తెరుచుకుంది. అనంత్ జుట్టు అప్పుడే నెరిసింది. అన్నదమ్ములిద్దరూ గుమ్మానికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. ఎవరు ముందు మాట్లాడారో ఆమెకు తెలియలేదు. కాసేపటికి అనంత్ పక్కకు తప్పుకున్నాడు. రామ్మోహన్ బూట్లు విప్పి, ఒక్కసారి కారు వైపు చూసి, లోపలికి వెళ్ళాడు.

రూపవతి మళ్ళీ హైవే ఎక్కింది. ఎప్పుడో ఒకనాడు ఒకే బల్ల చుట్టూ అందరూ కూర్చుంటారని ఆమెకు ఆశ. షెర్లీ, ఈయన, ఆ పాప, వీలైతే అనంత్ వాళ్ళు కూడా. తాను చేపల పులుసు వడ్డిస్తుంటే తలకాయ ముక్క నాదంటే నాదని ఎవరో ఒకరు అంటుండాలి. అది ఈ ఏడు జరుగుతుందో, ఎప్పటికీ జరగదో ఆమెకు తెలియదు.

ఫోన్ మోగింది. షెర్లీ.

"ఎక్కడిదాకా వచ్చావక్కా?"

"కిచెనర్ దాటుతున్నా."

"ఒక్కదానివేనా?"

రూపవతి పక్క సీటు వైపు చూసింది. అతను వెనక్కి జరుపుకున్న సీటు అట్లాగే ఉంది.

"ఇక్కడినుంచి ఒక్కదాన్నే," అంది.